మెట్లు లేని ఎత్తు

పొద్దుగాల ఐదున్నరకు బండి తీస్తా.
వెనక సీటుకు కట్టిన నీలం డబ్బాల
ఐసు ప్యాకులు, సూదులు, రబ్బరు పట్టీ,
ఊదా మూతలు, పసుపు మూతలు.
మలక్‌పేట లేవకముందే
నలుగురి నెత్తురు నా దగ్గరుంటది.

మణికట్టుకు గడియారం కంపెనీ ఇచ్చింది.
నడిచిన అడుగులు, నిద్రపోయిన గంటలు,
గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో
రాత్రికి ఫోన్ల గీతలై పడుతయి.
అండ్ల ఒక బటన్ ఉంటది: 'పోల్చి చూడు'.
ఏవైనా రెండు తేదీలు ఇస్తే
ఒకదాని మీద ఒకటి పరుస్తది.
నీలం గీత అప్పటి నేను,
నారింజ గీత ఇప్పటి నేను.
ఇద్దరం ఎప్పుడూ కలిసి నడవం,
ఒకడు పడుకుంటే ఒకడు పరుగు.

సరదాకే మొదలువెట్టిన.
పండుగ నాడు, పస్తున్న నాడు.
బోనాల డప్పు పక్కన నిలబడ్డ సాయంత్రం,
జీతం పడని ఒకటో తారీఖు.
జీతం పడకున్నా గుండె నిమ్మళంగనే ఉంది,
దానికి అలవాటైంది.

అట్ల చూస్తుంటె కండ్లవడ్డది:
నెలకోసారి, మంగళవారం, ఆరూ పదికి
డెబ్బై రెండు మీద పోతున్న గీత
నూట నాలుగుకు దుంకుతది.
ఏ నెలకానెల అదే చోట
ముల్లు లేచినట్టు.

ఆరూ పదికి నేను యాకుత్‌పురల ఉంటా,
రైలు గేటు దాటి రెండో గల్లీ,
ఖుర్షీద్ సాబ్ ఇల్లు, మూడో అంతస్తు.
నలభై ఆరు మెట్లు, పట్టుకునేటందుకు గోడ తప్ప ఏం లేదు.
మెట్లే అనుకున్న. మెట్లే కద మరి.

నలభై ఏండ్లు గడియారాలు బాగుచేసిన మనిషి.
ఆయన నరం నేను వెతికేలోపు
నా మణికట్టే పట్టి చూసేటోడు.
"అరె నర్సింలు, ఇండ్ల చక్రం లేదు, స్ప్రింగు లేదు,
ఇది టైము చెప్తదా, చాడీలు చెప్తదా?"
వద్దన్నా ఉస్మానియా బిస్కెట్టు నా జేబుల వెట్టేటోడు.
పరగడుపున ఉన్నది ఆయన, తినేది నేను.

పసుపు మూత గొట్టంల ఆయన నెత్తురు
చలికాలం రెండు పాయింట్ ఒకటి,
ఉగాదికి మూడు పాయింట్ నాలుగు,
మృగశిరకు అయిదు దాటింది.
రిపోర్టు చెప్పే హక్కు నాకు లేదు.
చూసే హక్కూ లేదు అసలు,
కంప్యూటర్ కాడ శైలజ జరంత పక్కకు జరిగి
స్క్రీను నా దిక్కు తిప్పుతది, అంతే.
క్రియాటినిన్ అన్న మాటకు
మా ఇంట్ల తెలుగు లేదు.

వానలు మొదలైనంక మెట్లు ఆయనతోని కాలె.
మంచం కిందికి దించిన్రు.
వీధి గది, గడప దాటితే మంచమే.
ఆ మంగళవారం రాత్రి రెండు తేదీలు ఇచ్చిన:
నలభై ఆరు మెట్లెక్కిన రోజు,
ఒక్క మెట్టూ ఎక్కని రోజు.

నారింజ గీత
నీలం గీతకన్న ఎత్తుకు పోయింది.

ఫోను బోర్లా పెట్టి చానాసేపు కూసున్న.
కాళ్ల మీద వేసిన నేరం కాళ్లది కాదు.

వచ్చే నెల అడిగిండు, కండ్లు మూసుకోని:
"ఎంతుంది బేటా నంబరు? పెరిగిందా?"
"ల్యాబుల చెప్తరు చాచా" అన్న.
పట్టీ బిగించిన. ఆయన కండ్లు తెరిచి
నా గడియారం దిక్కు చూసి చిన్నగ నవ్విండు.
అది ఏం చూపిచ్చిందో నేను చూడలే.
ఆయన చూసిండు.

మొన్న మంగళవారం ఆరూ పదికి
సైదాబాద్‌ల ఒక బాలింత ఇంటికి పోయిన.
పసిదాని మడిమె, ఒక్క చుక్క, ఏడుపు, అయిపాయె.

రాత్రి, నేను అడగకున్నా ఫోనే పోల్చింది,
పోయిన మూడు నెలలు, ఈ మూడు నెలలు.
పచ్చ బాణం, కిందికి.
'మీ గుండె వేగం మెరుగుపడింది. అభినందనలు.'
'సరే' అన్న బటన్ ఒక్కటే ఉంది కింద.
ఒత్తలే.
ఐదున్నరకు బండి తీసేదాక
అట్లనే వెలుగుతుండె.